సాదా కల్లు

కరీంనగర్,
జనవరి

వందన వదినకు వందనాలు.

మనం హాస్టల్లో ఉన్నప్పుడు "వందనా, వందనాలు" అంటే, ప్రార్థన మొదలుపెట్టాననుకుని పిల్లలంతా కళ్ళు మూసుకునేవాళ్ళు. ఇప్పుడు నువ్వు మా ఇంటి కోడలివి, మా జేమ్స్ అన్న భార్యవి. అయినా సరే, ఈ వందనాలు నిన్ను వదలవు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటావేమో. మీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అన్న జేబులోనే తిరుగుతుంది. నేను అడగబోయేది అన్న చెవిన పడకూడదు. లక్సెట్టిపేట వెళ్తున్న మన పాస్టరమ్మగారి చేతికి ఈ కవరు ఇస్తున్నాను.

నా పరిశోధన ఏమిటో ఖాయమైంది. కల్లులో కలిపే మత్తుమందును కరెంటుతో కొలవడం. అల్ప్రాజోలం అని నిద్రగోళీల్లో ఉంటుందే, అదే. చిన్న గిన్నెలో కల్లు పోసి, అందులో మూడు పుల్లల్లాంటివి ముంచుతాం. కరెంటు ఒత్తిడిని కొద్దికొద్దిగా మారుస్తూ పోతే కంప్యూటర్ మీద ఒక గీత పాకుతుంది. మందు ఉంటే ఒకచోట ఆ గీత గుట్టలా లేస్తుంది. గుట్ట ఎంత ఎత్తు లేస్తే మందు అంత ఉన్నట్టు. చెప్పడానికి ఇంతే, చేసేటప్పుడు మాత్రం ప్రాణం తోడేస్తుంది.

అందుకని నాకు కల్లు కావాలి. అన్న రోజూ తాగే దుకాణంలోదే కావాలి. దాంతోపాటు ఏమీ కలపని సాదా కల్లు ఇంకో సీసా కావాలి. దాన్ని మేము ఖాళీ నమూనా అంటాం. ముందు దాన్ని కొలిస్తేనే, కల్లు సొంతంగా చూపించేదేదో, మందు చూపించేదేదో విడిగా తెలుస్తుంది. ఐసు పెట్టెలో పెట్టి బస్టాండులో కరీంనగర్ కార్గోకి ఇచ్చెయ్యి. ఉత్తరం కూడా అందులోనే పెట్టు.

అన్న ఎలా ఉన్నాడో నిజం రాయి. కొడుకు సంగతి అవ్వను అడిగితే "మంచిగనే ఉన్నడు" అంటుంది. అవ్వ ఆ మాట అన్నదంటే అన్న బాగాలేడనే అర్థం.

నీ స్తుతి

*

లక్సెట్టిపేట,
ఫిబ్రవరి

పెద్ద చదువుల ఆడబిడ్డకు,

నువ్వు ఖాళీది పంపమన్నావని ఖాళీ సీసా ఒకటి కడిగి పెట్టాను. తర్వాత మళ్ళీ చదివి నా నెత్తి నేనే కొట్టుకున్నాను. మొదటిసారి పంపిన పెట్టె నీకు ఎందుకు చేరలేదంటే, కల్లు పొంగి మూతలు ఎగిరిపోయాయి. కార్గో ఆఫీసంతా నురగే. అక్కడి గుమస్తా "ఏందమ్మా, చర్చి సంచిల గిదా నువ్వు పంపేది" అని పదిమంది ముందు అడిగాడు. నీ చదువుకు నా మర్యాద ఇలా ఖర్చవుతోంది.

ఈసారి మూతలు వదులుగా పెట్టి నిండా ఐసు పోశాను. ఎర్ర దారం కట్టింది మీ అన్న తాగేది. దాన్ని ఇక్కడ కడక్ అంటారు. తెల్ల దారం కట్టింది సాదా. దుకాణం మొండయ్య దగ్గరే రెండూ తెచ్చాను. పెద్దపల్లిలో మా ఇంట్లో కల్లు వాసన కూడా తెలియకుండా పెరిగినదాన్ని, కొంగు నెత్తిమీదికి లాక్కుని కల్లు మండువలో, తాగేవాళ్ళ మధ్య నిలబడ్డాను. "సాదా ఒక్క సీసా గావాలె" అంటే మొండయ్య నవ్వి, "నీకేనా బిడ్డా? కొత్తగ అయితే సాదానే మంచిది" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికి వస్తుంటే గడపలో అత్త ఎదురైంది. సంచిలో సీసా చూసింది. చర్చి మహిళా సమాజం పెద్ద కదా, పెద్ద ప్రసంగమే వింటాననుకున్నాను. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

మీ అన్న సంగతి అడిగావు. పొద్దున ట్రాక్టర్ ఎక్కే ముందే దుకాణానికి పోవాలి. లేకపోతే స్టీరింగ్ మీద చేతులు నిలబడవు. చర్చిలో డోలక్ వాయించేవాడా, ఇప్పుడు పాటలైపోయేదాకా బయట చెప్పుల దగ్గర నిలబడుతున్నాడు. ప్రభువు బల్లకు రావడం ఎప్పుడో మానేశాడు. మొన్న అన్నం ముందు కూర్చుని, "నాతోని అయితలేదు వందనా. నన్ను గిండ్లకెల్లి బయటికి గుంజు" అన్నాడు. అంతకుముందు నేను ఎంత తిట్టినా ఆ మాట రాలేదు. తానంతట తానే అడిగాడు కాబట్టి ఇక నేను వదలను. మంచిర్యాలలో ఒక డాక్టరు ఉన్నాడట. కల్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చి చచ్చిపోయే ప్రమాదం ఉందని, అంతే మందు గోళీల రూపంలో ఇచ్చి మెల్లగా తగ్గించాలని చెప్పాడు. కానీ రోజుకు ఎంత మందు ఒంట్లోకి పోతోందో ఆయనకు తెలియాలట. మొండయ్యకే తెలియదు, చేతికి వచ్చినంత వేస్తాడు. అది తేల్చగలిగేది నువ్వొక్కదానివే. తొందరగా కొలువు.

వందన

*

కరీంనగర్,
మార్చి

వందన వదినకు వందనాలు, ఈసారి రెండు చేతులతో.

సీసాలు చల్లగా చేరాయి. కల్లును వడగట్టి, అందులో గాలి పోయేదాకా నైట్రోజన్ ఊది, గీత గీయించాను. ఎర్ర దారం సీసాలో లేచిన గుట్ట చూసి మా గైడ్ సారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. వదినా, అన్న ఇంత మందు తాగి ట్రాక్టర్ ఎలా తోలుతున్నాడో నాకు అర్థం కావడం లేదు.

ఒక చిక్కు వచ్చింది. తెల్ల దారం సీసాలో కూడా అదే చోట ఒక గుట్ట లేచింది. మరీ చిన్నదేమీ కాదు. ముందు కంగారుపడ్డాను. సారును అడిగితే, చెట్టులోంచి వచ్చే రసంలో సవాలక్ష పదార్థాలు ఉంటాయని, అది కల్లుకు పుట్టుకతో ఉన్న గుణమై ఉంటుందని అన్నారు. ఖాళీ నమూనా అడిగేది ఇందుకే కదా. కాబట్టి సాదాలో వచ్చినంతా కడక్‌లోంచి తీసేశాను. మిగిలింది అసలు మందు. దాన్ని అన్న రోజూ తాగే సీసాలకు లెక్కగట్టి వేరే కాగితం మీద రాశాను. డాక్టరుకు అదే చూపించు.

ఈ చదువు ఎవరికి పనికొస్తుందని అవ్వ ఎన్నిసార్లు అడిగిందో. మన అన్నకే పనికొచ్చిందని చెప్పు. గర్వపడుతున్నానని నువ్వు ఎక్కిరిస్తావు. ఎక్కిరించుకో, నిజంగానే గర్వంగా ఉంది.

స్తుతి

*

లక్సెట్టిపేట,
మార్చి

గర్విష్ఠి ఆడబిడ్డకు,

డాక్టరు నీ కాగితం రెండుసార్లు చదివాడు. "గింత సాఫ్‌గ లెక్క దెచ్చినోళ్ళు లేరమ్మా. మేం అందాజ మీదనే ఇస్తం" అన్నాడు. నీ లెక్క ప్రకారమే గోళీలు రాశాడు. కొంచెం వణుకు, చెమటలు ఉంటాయి, భయపడొద్దన్నాడు. కల్లు ఇక ముట్టొద్దని గట్టిగా చెప్పాడు. దారిలో మీ అన్నకు అంతా చెప్పేశాను. కోప్పడతాడనుకున్నాను, బస్సులో అందరూ చూసేలా నవ్వాడు. ఈ కింద రాసింది ఆయనే. అక్షరాలు చూసి బాధపడకు.

"చెల్లె, నీ వదిన పెద్ద దొంగ. నా కల్లంత బస్సుల ఎక్కిచ్చి నీకు పంపిందట. దానికి నువ్వు కరెంటు వెట్టినవట. నాకు తెల్వకుంట గింత కత నడిపిండ్రు. గోళీలు మింగుతున్న. దుకాణం దిక్కు పోతలేను. ఈస్టర్‌కు డోలక్ కొడ్తనని అయ్యగారికి మాటిచ్చిన. నువ్వు వచ్చి ముందటి వరుసల కూసో. — అన్న"

చూశావా? పెళ్ళైన కొత్తలో ఉన్న మనిషి మళ్ళీ కనిపిస్తున్నాడు.

వందన

*

లక్సెట్టిపేట,
మార్చి

స్తుతీ,

నాకు భయంగా ఉంది. ఇది కరీంనగర్ బస్సు డ్రైవర్ చేతికే ఇస్తున్నాను, జవాబు కూడా తిరుగు బస్సులోనే పంపు. ఫోన్ ఆయన తల కిందే ఉంది, నేను లేచి బయటికి పోయినా "యాడికి" అంటున్నాడు. ఆయన వింటుండగా నీతో ఈ మాటలు మాట్లాడలేను.

వణుకు తగ్గడం లేదు, పెరుగుతోంది. నీళ్ళ గ్లాసు పళ్ళకు కొట్టుకుంటోంది. గోడ మీద చీమలు పాకుతున్నాయని చేత్తో తుడుస్తున్నాడు. అక్కడ ఏ చీమలూ లేవు. నిద్ర లేదు. డాక్టరు ఏదో పెళ్ళికని హైదరాబాద్ పోయాడు. ఫోన్ కలవడం లేదు. ఆయన దగ్గరి కంపౌండర్ మాత్రం రాసిన గోళీలే వేయమంటున్నాడు.

నాకు ఒకటే తోస్తోంది. మొండయ్య దగ్గర ఒక్క సీసా తెచ్చి పోస్తే నిమ్మళిస్తాడేమో. తర్వాత డాక్టరు వచ్చాక మళ్ళీ మొదలుపెడదాం. తప్పంటావా? వెంటనే చెప్పు.

వందన

*

కరీంనగర్,
మార్చి

వదినా,

పోయకు. ఒక్క చుక్క కూడా పోయకు.

ఇప్పుడే ఫోన్ చేశాను, అన్నే ఎత్తాడు. "మంచిగున్న చెల్లె" అన్నాడు. గొంతు సన్నగా ఉంది కానీ మాట తడబడలేదు. వణుకు ఉంటుందని డాక్టరు ముందే చెప్పాడు కదా. నువ్వు పక్కనే ఉండి చూస్తున్నావు కాబట్టి నీకు కొండంతగా కనిపిస్తోంది. అన్న ఒంట్లోకి పోయిన మందెంతో నేను కొలిచాను, దానికి సరిపడా గోళీలు పడుతున్నాయి. ఇప్పుడు జాలిపడి ఒక్క సీసా పోస్తే ఇన్నాళ్ళ కష్టమూ నేలపాలవుతుంది. బయటికి గుంజమని అన్న మళ్ళీ తనంతట తాను అడగడు.

లెక్క నాది. నామీద నమ్మకం ఉంచి ఈ కొద్దిరోజులు ఓర్చుకో. ఆదివారం నేను వస్తాను.

స్తుతి

*

కరీంనగర్,
ఏప్రిల్

వదినా,

ఆదివారం అన్న ముఖం చూడటానికి వస్తాననుకున్నాను, మట్టి వేయడానికి వచ్చాను. అక్కడున్నన్ని రోజులూ నీతో ఒక్క మాటా సరిగ్గా మాట్లాడలేదు. ఇంటినిండా మనుషులు. నీళ్ళ తొట్టి దగ్గర ఫిట్స్ వచ్చి పడ్డాడని, మంచిర్యాల చేరేలోపే పోయాడని వాళ్ళూ వీళ్ళూ చెప్తుంటే విన్నాను.

ఇప్పుడు చెప్పాల్సింది ఒకటి ఉంది. ఇది నా దగ్గర ఉంచుకుని బతకలేను.

మా ల్యాబులో మమతారాణి అని ఒకామె ఉంది, భైంసా మనిషి. సెలవులకు ఇంటికి పోతే వాళ్ళ చేనుగట్టు మీది తాటిచెట్టు కింద నిలబడి, కల్లు కుండ, అదే లొట్టి, దింపగానే తన సీసాలోకి పోయించుకుని, అక్కడే మూత బిగించి తెచ్చింది. ఇంకొక ఖాళీ నమూనా ఉంటే నీకు పనికొస్తుంది కదా అంది. కొలిచాను. గీత చదునుగా పోయింది. గుట్ట లేదు. యంత్రం చెడిందనుకున్నాను. కల్లులో ముంచే పుల్లను మెరిసేదాకా రుద్ది, కడిగి, మళ్ళీ పెట్టాను. మళ్ళీ చదునే. అదే కల్లులో నేనే చిటికెడు మందు కలిపాను. గుట్ట లేచింది. యంత్రం బాగానే ఉంది.

అర్థమైందా? కల్లుకు పుట్టుకతో ఏ గుణమూ లేదు. నువ్వు పంపిన సాదాలోనే మందు ఉంది. నేను దాన్ని కల్లు గుణం అనుకుని లెక్కలోంచి తీసేశాను. అన్న తాగిన మందులోంచి మందునే తీసేశాను. డాక్టరుకు నేనిచ్చిన కాగితంలో ఉన్నది దాదాపు సగమే. ఆ సగానికి సరిపడా గోళీలే అన్నకు పడ్డాయి. మిగతా సగం ఒక్కసారిగా ఆగిపోయింది. అలా ఆపితే చచ్చిపోతారని చెప్పింది నువ్వే. ఆపింది నేను.

నీ కళ్ళకు కనిపించింది నిజం. నువ్వు ఒక్క సీసా పోస్తానన్నావు. పోసి ఉంటే డాక్టరు వచ్చేదాకా నిలిచేవాడేమో. నేను కరీంనగర్‌లో కూర్చుని వద్దన్నాను.

మొండయ్య సాదా అని నీకు ఏమిచ్చాడో కనుక్కో. తెలిస్తే మాత్రం ఏమవుతుందో నాకు తెలియదు.

స్తుతి

*

లక్సెట్టిపేట,
మే

స్తుతీ,

నీ ఉత్తరం పట్టుకుని మొండయ్య దగ్గరికి వెళ్ళాను. కొట్లాడటానికే వెళ్ళాను. కల్తీది ఇచ్చి సాదా అని ఎందుకు అబద్ధం చెప్పావని అడిగాను. ఆయన మొహం చూస్తే అబద్ధం చెప్పిన మనిషిలా లేడు.

"అబద్ధమెందుకు జెప్త బిడ్డా? సాదా అడిగినవ్, సాదానే ఇచ్చిన. కడక్‌ల మస్తు పడ్తది, సాదాల జర్రంత పడ్తది. ఊరంత గట్లనే అంటరు. మొత్తమే ఏయకపోతే ఎవ్వలు తాగుతరు? ఏమీ ఏయంది గావాలంటే గట్ల అడగాలె. నా దగ్గర అసోంటిది అడిగినోళ్ళే లేరు. దానికి ఓ పేరు గూడ లేదు" అన్నాడు. జేమ్స్ మంచోడని చెప్పి ఏడ్చాడు కూడా.

నువ్వు చిన్నప్పుడే హాస్టల్‌కు పోయావు. నేను పెద్దపల్లి నుంచి వచ్చాను. ఇద్దరమూ సాదా అంటే సాదానే అనుకున్నాం. ఊళ్ళో చిన్నపిల్లను అడిగినా చెప్పేది. మనం ఎవరినీ అడగలేదు.

నీ తప్పు ఎంత, నా తప్పు ఎంత అని నేను లెక్క కట్టను. కానీ ఒకటి నీకు తెలియాలి. ఆ రోజు బస్సులో నీ జవాబు వచ్చినప్పుడు ఆయన నా కొంగు పట్టుకుని ఉన్నాడు. "ఒక్క గిలాస వందనా, ఒక్కటే" అని అడుగుతున్నాడు. నాకు కాదనే ధైర్యం చాలక నీ ఉత్తరం ఆయనకే ఇచ్చాను. చదివాడు. "చెల్లె జెప్పిందంటే కరెక్టే ఉంటది" అని నా కొంగు వదిలేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ అడగలేదు.

వందన

*

కరీంనగర్,
మే

వదినా,

నీ ఉత్తరం ల్యాబు పుస్తకంలో పెట్టుకున్నాను.

ల్యాబుకు పోతున్నాను కానీ ఏమీ చేయడం లేదు. గైడ్ సారు భైంసా కల్లును ఖాళీ నమూనాగా పెట్టి అన్నీ మళ్ళీ కొలవమంటున్నారు. పద్ధతి చాలా బాగుందట, పత్రికకు పంపవచ్చట. కల్లు గుణమై ఉంటుందని తానే అన్నానని ఆయనకు గుర్తున్నట్టు లేదు. నాకూ ఆయన మీద కోపం రావడం లేదు. ఆయన అనుమానంగా అన్నారు. నేనే నిశ్చయంగా రాశాను.

అన్న ఫోన్ ఇప్పుడు అవ్వ దగ్గరే ఉంది కదా, నేను చేస్తే ఎత్తడం లేదు. నా లెక్క సంగతి తెలిసిపోయిందా? తెలిసి మాట్లాడకపోతే అది న్యాయమే. కానీ అవ్వ ఎలా ఉందో ఒక్క ముక్క రాయి. తిడుతూ రాసినా సరే.

స్తుతి

*

లక్సెట్టిపేట,
జూన్

స్తుతీ,

అత్తకు నీ సంగతి చెప్పలేదు, చెప్పను కూడా. ఆమె ఫోన్ ఎత్తకపోవడానికి కారణం వేరే.

మీ అన్నను మట్టిలో పెట్టి వచ్చిన నాటి నుంచి అత్త చేతులు వణుకుతున్నాయి. పాటల పుస్తకం నిలవడం లేదు. దుఃఖమని పాస్టరమ్మగారు అన్నారు, మహిళా సమాజం అంతా అదే అన్నది. నేనూ కొన్నాళ్ళు అదే అనుకున్నాను. నిన్న ఆమె మంచం మీద కూర్చుని గోడను చేత్తో తుడుస్తోంది. ఏమిటత్తా అంటే, "చీమలు బిడ్డా" అంది.

నేను తలుపు వేసి అడిగాను. ముందు ఒప్పుకోలేదు. తర్వాత నా చేతులు పట్టుకుని చెప్పింది. మోకాళ్ళ నొప్పులకని ఎవరో చెబితే మొదలుపెట్టిందట, ఏళ్ళ కిందటి మాట. శంకరవ్వ అని పక్క వాడకట్టు ఆమె రోజూ మాపటికి చాటుగా తెచ్చిచ్చేది. "కడక్ ఎన్నడు ముట్టలే బిడ్డా, సాదానే. సాదా అయితే తాగినట్టు గాదనుకున్న. నా కొడుకును గది మింగినంక ఇగ ముట్టద్దని ఒట్టు వెట్టుకున్న" అంది. కొడుకు కోసం మానేసింది, స్తుతీ. ఎవరికీ చెప్పకుండా, ముందు సగానికి తగ్గించి, చివరికి మొత్తం ఆపేసింది.

నేను పరుగెత్తుకుని మొండయ్య దగ్గరికి వెళ్ళాను. కొంగు కప్పుకోలేదు. సాదా తెచ్చి నా చేత్తోనే ఆమె నోట్లో పోశాను. వద్దని ఏడుస్తూనే మింగింది. కాసేపటికి చీమలు పోయాయి. ఇప్పుడు నిద్రపోతోంది.

మంచిర్యాల డాక్టరుతో మాట్లాడాను. పడుకోబెట్టి దగ్గరుండి చూస్తానన్నాడు, మీ అన్న విషయంలో ఆయనకూ నిద్ర పట్టడం లేదట. మంచం దొరకడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా అడుగుతున్నాడు, ఆమె ఒంట్లోకి రోజూ ఎంత పోతోందని.

ఆ యంత్రం తెలిసినవాళ్ళు నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. నిన్ను అడగాలని నాకు లేదు. పెట్టెలో ఉన్న సీసా మీ అవ్వ తాగే సాదా. భైంసా కల్లే పక్కన పెట్టుకో, ఇంకేదైనా పెట్టుకో, ఈసారి ఎవరి మాటా నమ్మి ఏదీ తీసేయకు. ఏడుస్తూ కొలవకు, ఏడవడం అయ్యాక కొలువు.

నీ లెక్క వచ్చేదాకా రోజూ మాపటికి నేనే పోస్తుంటాను.

వందన